ఏడుగురు తోడల్లుళ్లు

గోదావరి జిల్లాల్లో ఏ ఊరికెళ్లినా ఇలాంటి మావయ్య ఒకడు తగులుతాడు. లుంగీ ఎగ్గట్టి, పుంజుని చంకలో పెట్టుకుని, దాని మెడ నిమురుతూ మనతో మాట్లాడతాడు. చూపు మాత్రం దానిమీదే. "ఏరా, సరిగా తింటున్నావా?" అని అడిగితే నన్నే అనుకుని రెండుమూడుసార్లు జవాబు చెప్పి భంగపడ్డాను.

భీమవరం దగ్గర మా మావయ్య పెరట్లో పుంజులు 7, పెట్టలు 9. మామూలుగా 10 పెట్టలకి ఒక్క పుంజు చాలు. "ఆరు ఎక్కువున్నాయి కదా మావయ్యా" అంటే, "పెట్టలు తక్కువున్నాయిరా" అంటాడు. అత్తయ్య మాట్లాడకుండా ఓ పెట్టని పట్టుకొచ్చి వీపు చూపిస్తుంది. పుంజులు ఎక్కెక్కి ఈకలు రాలిపోయి, చర్మం ఎర్రగా కనిపిస్తూ ఉంటుంది పాపం.

ఏడు పుంజుల్ని ఒక పెరట్లో సాకడమంటే ఏడుగురు తోడల్లుళ్లని పండగపూట ఒకే పంక్తిలో కూర్చోబెట్టడమే. ఎవరికి ముందు వడ్డించినా మిగతావాళ్లకి మండుతుంది. అందుకే ఒక్కోదానికి ఒక గూటం, ఒక తాడు. గూటానికీ గూటానికీ మధ్య దూరానికి మావయ్య లెక్క ఒకటుంది: రెండు తాళ్ల పొడవు, పైన మూరెడు. ఆ మూరెడు తప్పిన రోజున కాకి అనే పుంజు డేగ అనే పుంజు తల చీరేసింది. ఆ సాయంత్రం మావయ్య డేగకి పసుపు రాసి, కాకిని ఒళ్లో పడుకోబెట్టుకుని, దాని కాలి ముళ్ల మొనలు ఆకురాయితో అరగదీస్తూ కూర్చున్నాడు. పెళ్లికూతురి గోళ్లు కూడా ఎవరూ అంత నాజూగ్గా దిద్దరు.

ఒకరి మొహం ఒకరికి కనపడకుండా గూటాల మధ్య తెరలు కట్టాడు. అత్తయ్య నెల్లాళ్లుగా వెతుకుతున్న ఉప్పాడ చీర కాకికీ డేగకీ మధ్య దొరికింది.

ఇక పెట్టల్లోకి వదలడం వంతులవారీగా. ఒకడు బయట తిరుగుతుంటే ఆరుగురు గంపల కింద. ఎవడి వంతు ఎప్పుడన్నది కుక్కుట శాస్త్రం తిరగేసి తేలుస్తాడు. ఏ రోజు ఏ రంగు గెలుస్తుందా అని ఊరంతా ఆ పుస్తకం తెరిస్తే, ఎవణ్ణి వదిలితే కొట్లాట రాదా అని తెరిచేవాడు ఈయనొక్కడే.

తెల్లారగట్ల పెద్దవాడు కూశాకే మిగతావాళ్లు హోదా ప్రకారం కూస్తారని జపాను శాస్త్రవేత్తలు 2015లో తేల్చారు. ఈ సంగతి చెబితే మావయ్య పెదవి విరిచాడు. "దానికి జపాను దాకా ఎందుకురా? మొన్న కాకికంటే ముందు డేగ కూసింది. పెరట్లో పెద్దరికం మారిందని మంచం మీంచే చెప్పాను." గోడ అవతల నుంచి పక్కింటి మాస్టారు, "మాకూ తెలిసిందండీ, మూడున్నరకి" అన్నారు.

మేత సంగతికొస్తే మనవడికి వేరుశనగ పప్పు, డేగకి బాదం పప్పు.

"ఇంతకీ వీటిని పందేనికా పెంచుతున్నావు?" అని అడిగాను.

"తప్పురా! జంతువుల్ని హింసించకూడదని 1960లోనే చట్టం వచ్చింది."

"పోనీ, కూరకా?"

మూడురోజులు నాతో మాట్లాడలేదు.

మొన్న కనుమకి అల్లుడొచ్చాడు. అత్తయ్య గారెలకి పప్పు రుబ్బి, "ఏవండీ, కోడి..." అంటూ పెరటివైపు చూసింది. మావయ్య చప్పుడు చేయకుండా సైకిలు తీసి బజారుకెళ్లాడు. బెండకాయల దగ్గర రూపాయికి కూడా గీచిగీచి బేరమాడే మనిషి, పండగ ధరకి నోరెత్తకుండా నాటుకోడి మాంసం కొన్నాడు. సంచిలో సంచి పెట్టి చుట్టాడు. వచ్చేటప్పుడు దగ్గరైన పెరటిదారి వదిలేసి, చెరువుగట్టు చుట్టూ తిరిగి వీధి గుమ్మంలోంచి ఇంట్లోకొచ్చాడు.

"ఇంత చుట్టుతిరుగుడు ఎందుకు మావయ్యా?" అన్నాను.

సంచి వెనక్కి దాచి, గొంతు తగ్గించి అన్నాడు: "వాళ్లు చూస్తార్రా."