వేలం వేల్పుకు వందనం

ఆన్‌లైన్ వేలమా, నీకు జోహారు! ఒళ్లు వంచకుండానే వ్యాయామం చేయించడం ఈ కలికాలంలో నీ ఒక్కదానికే చెల్లింది. దుకాణానికి వెళ్లి ట్రెడ్‌మిల్ కొన్నవాడికి మిగిలేది రసీదు. నీ సన్నిధిలో కొన్నవాడికి ‘అభినందనలు, మీరు గెలిచారు’ అని కబురొస్తుంది. డబ్బు వదిలించుకున్నవాణ్ణి పిలిచి మరీ అభినందించడానికి ఎంత పెద్ద మనసుండాలి! ఆ చివరి నిమిషంలో గుండె కొట్టుకునే వేగానికి, ఇక మళ్లీ యంత్రమెక్కి దాన్ని పరుగులు పెట్టించే పనే ఉండదు.

నీ పుట్టుకే ఒక శుభశకునం. 1995లో పియర్ ఒమిడ్యార్ కాలిఫోర్నియాలో ఈబేకు శ్రీకారం చుట్టినప్పుడు మొదట అమ్ముడైంది పాడైపోయిన లేజర్ పాయింటర్. ధర 14.83 డాలర్లు. అది పనిచేయదని తెలుసా అని ఆయన అడిగితే, పాడైనవే సేకరిస్తుంటానన్నాడట కొన్నవాడు. పనికొచ్చేదాన్ని అమ్మడం ఏ వర్తకుడికైనా చేతనవును. పనికిరానిదానికి పోటీ పెట్టించడం నీకే తెలుసు. ఆ తొలి భక్తుడిలో ఒక్కటే లోపం: తాను ఏం కొంటున్నాడో అతనికి తెలుసు. ఇప్పటివాళ్లలో ఆ లోపం కూడా లేదు.

మన దేశం మీదా నీ చల్లని చూపు పడింది. 2004లో బాజీ డాట్ కామ్‌ను కొని ఈబే ఇక్కడ కాలుపెట్టింది. 2018లో మూటాముల్లె సర్దుకుంది. పాపం, హైదరాబాద్‌ వాళ్లు ట్రెడ్‌మిల్‌ను రాసి ఉన్న ధరకే, ఏ పోటీ లేకుండా, చప్పగా కొనుక్కోవాల్సి వస్తోంది. పాట పాడి గెలిచే ముచ్చట చూడాలంటే వినాయక నిమజ్జనం దాకా ఆగి బాలాపూర్ వెళ్లాలి. అక్కడ 1994లో 450 రూపాయలతో మొదలైన లడ్డూ వేలం 2024లో 30 లక్షలు దాటింది. అయినా నీతో దానికి పోలికెక్కడ? అక్కడ పోటీదారు ముఖం కనిపిస్తుంది. గెలిచినవాడు పదిమందికీ పంచుతాడు. నీ దగ్గర ప్రత్యర్థి పేరు చుక్కల గుర్తుల చాటున దాక్కుంటుంది. పైగా లడ్డూ ఒక్కపూటలో అరిగిపోతుంది. ట్రెడ్‌మిల్ ఏళ్లు గడిచినా అరగదు.

ఇక్కడ ఈబే లేదు కాబట్టి నీ అనుగ్రహమంతా సముద్రాలు దాటినవాళ్ల పాలైంది. న్యూజెర్సీ బేస్‌మెంట్లలో, డాలస్ గరాజుల్లో నిన్ను కొలిచే తెలుగువాళ్లకు కొదవా? నీ మర్యాద అలాంటిది. గరిష్ఠ ధరను రహస్యంగా నీ చెవిన వేస్తే చాలు, ఎదుటివాడి మీద ఒక్కో మెట్టు పెంచుతూ మా తరఫున నువ్వే పాడతావు. ఇలా గెలిచినవాడు రెండో పాట ధర కట్టే వేలంలో, మనసులో ఉన్న అసలు విలువ రాసి ఊరుకోవడమే లాభమని ఆర్థికవేత్త విలియం విక్రీ 1961లో లెక్కకట్టి చూపాడు. 1996లో ఆయనకు నోబెల్ కూడా ప్రకటించారు. నీ భక్తుల ముందు ఆయనేపాటి? రెండు వందల డాలర్లకు మించి దమ్మిడీ ఇవ్వనని ఒట్టు పెట్టుకున్నవాడు, పది సెకన్లుండగా ఎవరో రెండొందల ఐదు అనగానే, తన ఆరోగ్యం విలువ రెండొందల పది అని గ్రహిస్తాడు. ఇంకో మూడు సెకన్లకు రెండొందల నలభై అని తెలుసుకుంటాడు. ఇంత తొందరగా ఆత్మజ్ఞానం ప్రసాదించే గురువు ఇంకెక్కడ దొరుకుతాడు?

ఇక అమ్మేవాళ్ల సత్యసంధత! ‘చాలా తక్కువ వాడాం’ అని రాస్తారు. హరిశ్చంద్రుడైనా అంతకంటే నిక్కచ్చిగా చెప్పలేడు. ఫొటోలో తడి తువ్వాలు కనిపించదు. అది ఫొటో కోసం కాసేపు దిగి, మళ్లీ తన చోటుకు వెళ్లిపోతుంది. మోటారు సంగతికొస్తే మాత్రం వినయం పక్కన పెడతారు. నిలకడగా రెండు హార్స్‌పవర్ ఇచ్చేదానికి, ఒక్క క్షణం ఉబికే నాలుగు చూపిస్తారు. అదీ న్యాయమే. కొన్నవాడి ఉత్సాహమూ ఆ క్షణానిదే కదా.

‘మీరే వచ్చి తీసుకెళ్లాలి’ అన్న షరతులో ఉంది నీ అసలు కరుణ. వంద కిలోల ఇనుమును పరాయి ఇంటి బేస్‌మెంట్ మెట్ల మీదుగా పైకి మోస్తుంటే నడుముకు, మోకాళ్లకు, స్నేహానికి ఒకేసారి కసరత్తు. ట్రక్కు అద్దె, సాయమొచ్చినవాళ్లకు బిర్యానీ కలుపుకుంటే కొత్తదాని ధరకు దగ్గరవుతుంది. కరిగింది కొవ్వు కాకపోతేనేం, ఏదో ఒకటి కరిగింది.

1818లో విలియం క్యూబిట్ ఇంగ్లండు జైళ్లకు ట్రెడ్‌మిల్ అనే తొక్కుడు చక్రం చేసిపెట్టాడు. దాన్నెక్కాలంటే ముందు నేరం చేసి జడ్జిని ఒప్పించాలి. 1898 చట్టంతో ఆ శిక్షకు కాలం చెల్లింది. ఒక్క ఖైదీ కూడా దానికోసం పాట పాడిన దాఖలా లేదు. నువ్వొచ్చాక దాని పరువు నిలబడింది. తేడా అల్లా ఒక్కటే, ఖైదీలు నిజంగా నడిచేవారు. నీ భక్తులు జనవరిలో పాడి, ఎండలు ముదిరేసరికి మళ్లీ నీకే అప్పగిస్తారు, ‘చాలా తక్కువ వాడాం’ అని రాసి. అదీ నిజమే.

ఇంత మహిమ గల నీకు ఒక్క విన్నపం. వీధి చివర పార్కులో ఒక కాలిబాట ఉంది. ప్రారంభ ధర సున్నా. మోసుకు రానక్కర్లేదు, మోటారు గొడవ లేదు. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. పోటీ లేనిచోట గెలుపు లేదు, గెలుపు లేనిచోట మనవాడు అడుగు వెయ్యడు. దాన్నీ వేలానికి పెట్టు తల్లీ! ఉదయం ఆరు నుంచి ఆరున్నర దాకా నడిచే హక్కుకు పాట పెట్టించు. ఎంతకైనా పాడతారు. గెలిచినవాడు తెల్లారి లేచి వచ్చి నడుస్తాడని మాత్రం పూచీ అడగను. తీర్చలేని వరం కోరి వేల్పును ఇరుకున పెట్టడం భక్తుడి లక్షణం కాదు.