తోడేలుగారి మనవడు

మా బావమరిది ఖమ్మంలో లాబ్రడార్ పిల్లను కొన్నాడు. మూడు నెలలది. పేరు సింబా. ఆకాశంలో ఉరిమితే సోఫా కిందికి దూరుతుంది. గోడ మీద బల్లి కనబడితే బావమరిది కాళ్ల సందుకు చేరుతుంది. మొన్నటిదాకా పెరుగన్నం, ఉడికించిన గుడ్డు తిని హాయిగా ఉండేది. అంతలో ఫోన్లో ఒక మహానుభావుడు ఉపదేశం చేశాడట: "కుక్క అంటే తోడేలు. తోడేలుకు పొయ్యి ఉందా? పచ్చి మాంసమే పెట్టండి." అంతే, ఆ పూట నుంచి సింబాకు అన్నం బంద్.

ఇప్పుడు వంటింట్లో కంసాలి త్రాసు లాంటిది ఒకటి వెలిసింది. కండ 80 పాళ్లు, ఎముక 10, కార్జం వగైరా 10. గ్రాము తేడా రాకుండా తూస్తున్నాడు. దుప్పిని కొట్టిన తోడేలు కూడా ముందు త్రాసు కోసమే వెతుక్కుంటుంది కాబోలు! ఐస్‌క్రీం ఉండాల్సిన ఫ్రీజర్‌లో కోడి మెడలు చేరాయి. చికెన్ కొట్టాయన "రోజూ ఇన్ని మెడలెందుకు సారూ?" అని అడిగితే, మావాడు "ఇంట్లో తోడేలుంది" అన్నాడు, గర్వంగా.

అడవి గురించి ఎవరికి చెప్తున్నారు? ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా పోయి, భద్రాచలం దగ్గర గోదావరి దాటి, చర్ల దారి పడితే అసలు అడవే ఎదురొస్తుంది. మా అపార్టుమెంటు వాచ్‌మన్‌ది ఆ పక్క ఊరే. సింబా భోజనం చూసి అతను ముక్కున వేలేసుకున్నాడు. "మా కాడ కుక్కకు గంజి పోస్తం సారూ, ఇంత జావ పెడతం. అది తాగి మాతోని అడవికొస్తది. ఎలుగొడ్డు కనబడ్డా ఎనక్కి పోదు." అడవిలో బతికే కుక్కేమో గంజి తాగుతోంది, ఏసీలో పడుకునే కుక్కేమో అడవి తిండి తింటోంది. నిజంగా పచ్చి మాంసం మీద బతికే రేచుకుక్క కూడా ఉంది గానీ, దాన్ని ఇంతవరకు ఎవరూ సోఫా ఎక్కించలేదు.

ఈ మతానికి మూలపురుషుడు ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్. 1993లో పుస్తకం రాశాడు. ఈ తిండికి 'బార్ఫ్' అన్న పొట్టిపేరు స్థిరపడింది. ఇంగ్లీషువాళ్ల వాడుకలో ఆ మాటకు వాంతి అని అర్థం. పేరు పెట్టడంలో మాత్రం మోసం లేదు.

ఇక తోడేలు చుట్టరికం సంగతి. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు 12 తోడేళ్ల జన్యువుల్ని 60 కుక్కల జన్యువులతో పోల్చారు. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు తోడేలులో రెండు ప్రతులుంటే, కుక్కలో నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నాయి. అంటే మన గుమ్మం ముందు కూర్చుని, మనం పారేసిన మెతుకులు తిని తిని అది కుక్క అయింది. అన్నమే దాని వంశవృక్షం. అయినా తాతల తిండే మంచిదంటే మన తాతల తాతలూ ఒకప్పుడు పచ్చిగానే తిన్నారు. ఉపదేశకుడు మాత్రం మధ్యాహ్నం దమ్ బిర్యానీ ఎందుకు తింటున్నట్టు?

ఎదిగే పిల్లతో ఆటలు కుదరవు. వట్టి కండలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. అదే పెడుతూ పోతే ఒళ్లు తన ఎముకల్నే కరిగించుకుంటుంది, కాళ్లు వంకర పోతాయి. పోనీ అని ఎముక పెడితే పేగుకు అడ్డం పడొచ్చు, పన్ను విరగొచ్చు. మేక, గొర్రెల పచ్చి కార్జంలో నీటితిత్తులుంటే అవి కుక్క పేగుల్లో బద్దెపురుగులవుతాయి. వాటి గుడ్లు మళ్లీ మనింటి పిల్లల చేతుల్లోకే వస్తాయి. ఫ్రీజర్ సూక్ష్మజీవుల్ని నిద్రపుచ్చుతుందే గానీ చంపదు. మే నెలలో 45 డిగ్రీల ఎండకు కరెంటు పోయిందంటే అవన్నీ ఒక్కసారిగా నిద్ర లేస్తాయి.

ఇక్కడ నవ్వు ఆపాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూతో లక్షల కోళ్లు పోయాయి. తెలంగాణ సరిహద్దులో చెక్‌పోస్టులు పెట్టి కోళ్ల లారీల్ని ఆపారు. మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప ఆ జబ్బుతోనే కన్నుమూసింది. పచ్చి కోడి ముక్క నోట్లో పెట్టుకుందని ఇంట్లోవాళ్లు చెప్పారు. అంతకు ముందు డిసెంబరులో అమెరికాలోని ఒరెగాన్‌లో పచ్చి ఆహారం తిన్న పెంపుడు పిల్లి అదే వైరస్‌తో చనిపోతే, ఆ సరుకును అంగళ్ల నుంచి వెనక్కి తెప్పించారు. కోడిని ఉడికిస్తే ఆ వైరస్ చస్తుంది. పొయ్యి వెలిగించడానికి ఇంతకంటే కారణం కావాలా?

మావాడికి మాత్రం ఇవేవీ ఎక్కలేదు. ఎక్కించింది సింబాయే. మూడోవారం వాంతులు, విరేచనాలు. రాత్రి పదింటికి పశువుల డాక్టరు దగ్గరికి పరుగు. ఆయన త్రాసు అడగలేదు, సూత్రం అడగలేదు. సెలైన్ పెట్టి, "తగ్గేదాకా మెత్తటి అన్నం, ఉడికించిన చికెన్. తర్వాత ఏం పెట్టాలో, కాల్షియం ఎంతో నన్నడిగి పెట్టండి, ఫోన్‌ని కాదు" అన్నాడు.

వారం తిరిగేసరికి సింబాకు పాత గిన్నె, పాత పెరుగన్నం దొరికాయి. ఆ సాయంత్రం మబ్బు పట్టి గట్టిగా ఒక్క ఉరుము ఉరిమింది. తోడేలుగారి మనవడు మూతికంటిన మెతుకైనా నాక్కోకుండా సోఫా కింద దూరాడు.