అల్లుడి డిబేటు, అమావాస్య గారెలు

టీవీలో చర్చ చూద్దాం రమ్మని నలుగురిని పిలిచినప్పుడు, వాళ్ళకి ఏం పెట్టాలన్నది రుచిని బట్టి తేలే విషయం కాదు. చప్పుడుని బట్టి తేలాలి.

మన తెలుగు చానళ్ళ సాయంత్రం చర్చలకైతే ఈ బాధ లేదు. తెర నిండా గళ్ళు, గడికో మనిషి, మనిషికో కేక. "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటూనే యాంకరు అరగంట లాగించేస్తాడు. ఎవరేమన్నారో ఎలాగూ వినపడదు కనక జంతికలు పెట్టండి, చేగోడీలు పెట్టండి, ఎంత కరకరలాడినా నష్టం లేదు. మిరపకాయ బజ్జీ ఘాటు తగిలి ఎవరైనా "హా, హా" అంటుంటే, వాడూ ఏదో పార్టీ అధికార ప్రతినిధే అనుకుని ఊరుకుంటాం.

అమెరికా వాళ్ళ డిబేటు అలా కాదు. 2024 అక్టోబరులో ఉపాధ్యక్ష పదవికి పోటీపడుతున్న జేడీ వాన్స్, టిమ్ వాల్జ్ న్యూయార్కులో సీబీఎస్ వాళ్ళ స్టూడియోలో 90 నిమిషాలు వాదించుకుంటారన్నారు. ఎదురుగా జనం ఉండరు. ముందే రాసుకున్న కాయితాలు తేకూడదు. ఒక పెన్ను, ఒక ఖాళీ నోటు పుస్తకం, ఒక నీళ్ళ సీసా ఇస్తారు. జవాబుకి 2 నిమిషాలు. శ్రుతి మించితే మైకు కట్టేసే హక్కు చానలు వాళ్ళది. ఈ నియమాలన్నీ నేను చదివి వినిపిస్తే మా లెక్కల మాస్టారు నీళ్ళ సీసా దగ్గరే ఆగిపోయేరు. "గంటన్నర కూర్చోబెట్టి కాఫీ అయినా ఇవ్వరా?" అన్నారు. కూర్చోబెట్టరు, నిలబెడతారని చెప్పేక ఆయనకి ఆ దేశం మీద ఉన్న కాస్త గౌరవమూ పోయింది.

ఓహయోలో ఉన్న మా అమ్మాయి ఆ రాత్రి స్నేహితుల్ని భోజనానికి పిలుచుకుంది. ఆ సంగతి ఫోన్లో వినగానే మాకూ సరదా పుట్టింది. కాకపోతే వాళ్ళకి మంగళవారం రాత్రి 9 గంటలంటే, విజయనగరంలో బుధవారం తెల్లారి ఆరున్నర. వాళ్ళ డిన్నరు మాకు టిఫిను.

మా ఊరికి వాన్స్ అంటే ఎందుకింత ఆపేక్ష అంటే, ఆయన భార్య ఉష చిలుకూరి వారి ఆడపడుచు. ఆవిడకి మామ్మ వరసయ్యే శాంతమ్మ గారు తొంభై దాటేక కూడా విశాఖ నించి మా విజయనగరం సెంచూరియన్ యూనివర్సిటీకి వచ్చి ఫిజిక్సు పాఠం చెప్పిన మనిషి. ఆ లెక్కన వాన్స్ మన జిల్లాకీ అల్లుడే అని మాస్టారు తేల్చేసేరు. మధ్యలో ఏదో మెట్టు ఎగిరిపోయినట్టు అనుమానమే గాని, ఆయన చేత చెవులు మెలిపెట్టించుకున్న వాళ్ళం, అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

మెనూ మాట ఎత్తగానే మా ఎదురింటి కాంట్రాక్టరు చెయ్యెత్తేడు. "సేపల పులుసు పెట్టు బావూ. తెల్లారగట్ల సద్దన్నంలోకి నిన్నటి పులుసు పడితే ఆ రుసే వేరు."

మా ఆవిడ గోడ మీది క్యాలెండరు చూపించింది. అక్టోబరు 2. ఎర్ర అంకె. గాంధీ జయంతి. మాంసం, చేపల దుకాణాలు మూత.

"మంగళారం కొంటాను, మంగళారమే ఒండిస్తాను, బుదారం తింటాం. గాంధీగారు ఆ రోజు కొనొద్దన్నారు గాని, తినొద్దన్నారేటి?"

వాదనలో బలం ఉంది. కానీ ఆ ఎర్ర అంకె కిందే చిన్నక్షరాలతో ఇంకో మాట ఉంది: మహాలయ అమావాస్య. పితృదేవతల రోజు. మా ఆవిడ దండేసిన ఫొటో వైపు చూసి, "గాంధీగారితో నువ్వు మాట్లాడుకో బాబూ, మా మామగారితో నేను మాట్లాడలేను" అంది. కాంట్రాక్టరు ఫొటోకి దణ్ణం పెట్టి కూర్చున్నాడు. మా నాన్నగారు బతికున్న రోజుల్లోనూ ఆయన ముందు ఇంతే.

దాంతో మాంసం పోయింది, చేప పోయింది, గుడ్డు పోయింది, ఉల్లి, వెల్లుల్లి కూడా పోయేయి. ఉల్లి పోయిందంటే పెసరట్టుకి సగం ప్రాణం పోయినట్టే. పిలిచిన వాళ్ళలో కొందరు తర్పణం వదిలేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టరు. మరి కొందరు ఏడింటికల్లా ఇంత తిని సుగరు మాత్ర వేసుకోకపోతే కళ్ళు తిరిగి పడిపోతారు. ఈ రెండు పక్షాల మధ్య రాజీ కుదర్చడం కన్నా అమెరికాలో రెండు పార్టీల మధ్య కుదర్చడమే నయం.

ఇక మిగిలింది అభ్యర్థుల అభిరుచి. ఉష గారు జులైలో రిపబ్లికన్ల మహాసభలో చెప్పేరు: మాంసం, బంగాళాదుంపలు తినే మా ఆయన నా శాకాహారానికి అలవాటు పడ్డాడు, మా అమ్మ కోసం మన వంటలు నేర్చుకున్నాడు అని. పేపర్లో ఆ వార్త మా ఆవిడ రెండుసార్లు పైకి చదివింది. నేను ఆటల పేజీలో తల దూర్చేసేను. వాల్జ్ సంగతి వేరు. ఆగస్టులో కమలా హారిస్‌తో కబుర్లాడుతూ, మా మిన్నసోటాలో మిరియం దాటిన కారం లేదన్నాడు. మా ఆవిడ వెంటనే, "అయితే ఆయన్ని తద్దినం భోజనానికి పిలవొచ్చు" అంది. నిజమే. మా ఇళ్ళల్లో ఆ వంటకి మిరపకాయ తగలనివ్వరు, మిరియమే.

అక్కడితో మెనూ దానంతటదే కుదిరిపోయింది. అల్లుడొస్తే గారెలు. పితృదేవతలకీ గారెలే. ఉల్లి అక్కర్లేదు, అల్లం, మిరియం చాలు, మిన్నసోటాకీ అభ్యంతరం ఉండదు. రెండు పార్టీలూ, పైలోకమూ కలిసి ఒప్పుకున్న తీర్మానం ప్రపంచంలో ఇదొక్కటే అయ్యుంటుంది.

"మీరు హాల్లో కూర్చుని అమెరికాని బాగుచేస్తూ ఉంటే నేను పొయ్యి దగ్గర గారెలు తీస్తూ ఉండాలా?" అని మా ఆవిడ అడిగేదాకా. అప్పుడు దిబ్బరొట్టి వచ్చింది. దానికి కాపలా అక్కర్లేదు. మందపాటి ఇత్తడి గిన్నెలో ధారాళంగా నూనె పోసి, మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి అందులో వేసి, మూత పెట్టి, సెగ బాగా తగ్గించేసి వచ్చి కూర్చోవచ్చు. అరగంటకి అంచు ఎర్రబడి గిన్నెని వదులుతుంది. ఆ వాసన హాల్లోకి వచ్చినప్పుడు లేచి తిరగేస్తే చాలు. పైన పెళుసు, లోపల దూది. పెద్ద ముక్క నోట్లో పెట్టుకున్నవాడు 2 నిమిషాలదాకా పెదవి విప్పలేడు. డిబేటులో జవాబుకిచ్చే గడువూ సరిగ్గా అంతే. అంచేత గారెలు మితభాషులకి, రొట్టి వాగుడుకాయలకి అని నిర్ణయించేం. మాటల్లో మాది మామూలు ఊరు కాదు. 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడింది ఇక్కడే. అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబు చెప్పగల గిరీశం మొదట కనబడేదీ మా బొంకులదిబ్బ మీదే.

ఏర్పాటు బాగానే పనిచేసింది. ఓహయోలోని స్ప్రింగ్‌ఫీల్డులో వలసదారుల మాట దగ్గర అభ్యర్థులిద్దరూ యాంకర్ల మీదకి ఎక్కిపోతే సీబీఎస్ వాళ్ళు మైకులు కట్టేసేరు. మా హాల్లో కాంట్రాక్టరు ఏదో ఖండించబోయి, నోటినిండా రొట్టి ఉండడంతో చెయ్యి మాత్రం ఊపేడు. కానీ తర్పణం పక్షాన్ని మేమెవరం లెక్కలోకి తీసుకోలేదు. మాస్టారి నోట్లో ఏమీ లేదు. ఆయన మైకు ఎవరూ కట్టలేకపోయేరు. 90 నిమిషాలూ ఆయనే మాట్లాడేరు. వాన్స్ ఏమన్నాడో, వాల్జ్ ఏమన్నాడో మర్నాడు పేపర్లో చూసుకున్నాం.

అమ్మాయి వాళ్ళు పిజ్జా తెప్పించుకున్నారట.

చూసినవాళ్ళని సీబీఎస్ అడిగితే వాన్స్ గెలిచాడని 42 శాతం, వాల్జ్ అని 41, సమానమని 17 శాతం అన్నారు. అంత హడావిడికి ఒక్క శాతం తేడా. మా ఇంట్లో గారె, రొట్టి మధ్య కూడా తేలలేదు. చేతులు కడుక్కుంటూ కాంట్రాక్టరు అన్నాడు: "ఓట్లు నవంబరు 5న అంటగా. ఫలితాలు మనకి 6 పొద్దున్న. ఆ రోజుకి మాత్రం సేపల పులుసే బావూ. గాంధీగారు లేరు, అమాస లేదు."

మా ఆవిడ మాట్లాడకుండా క్యాలెండరు పేజీ తిప్పింది. 5 నాగులచవితి. ఆ నెల్లో ఇంచుమించు అన్ని రోజులూ కార్తీకమే. "ఆ నెల్రోజులూ మీ ఇంట్లోనూ వండరు కదా బాబూ" అంది.

కాంట్రాక్టరు ఆ పేజీ వైపు కాసేపు చూసేడు.

"ఎలచ్చను ఎట్టీముందు ఈ అమెరికావోళ్ళు పంచాంగం సూసుకోరేటి, బావూ?"