చేతులు వాళ్లవి, చప్పట్లు మనవి

పెళ్లిళ్లకు ముహూర్తాలున్నట్టే ఇంజినీరింగ్ ప్రాజెక్టులకూ ఓ సీజనుంటుంది. ఫైనలియర్ వచ్చిందంటే బధిరులను ఉద్ధరించే కాలం వచ్చినట్టే. సైగలను మాటలుగా మార్చే ఒక చేతి తొడుగు, దానికి వేళ్ల వంపును పసిగట్టే అయిదు ఫ్లెక్స్ సెన్సర్లు, ఆర్డుయినో అనే ఒక బుల్లి కంప్యూటర్ బోర్డు, ఓ చిన్న స్పీకరు. మర్నాడు పేపర్లో ఫొటో: ‘మూగవారికి మాట ఇచ్చిన కుర్రాడు, ప్రపంచంలోనే తొలిసారి’.

ఈ ‘తొలిసారి’ జరగడం ఇది ఎన్నోసారో! 2001లోనే అమెరికాలో ర్యాన్ ప్యాటర్సన్ అనే హైస్కూలు కుర్రాడు ఇలాంటి తొడుగుతో బహుమతి కొట్టాడు. 2016లో వాషింగ్టన్ యూనివర్సిటీ విద్యార్థులిద్దరు ‘సైన్‌అలౌడ్’ తొడుగులకు 10,000 డాలర్ల లెమెల్సన్-ఎంఐటీ బహుమతి అందుకున్నారు. అదే యూనివర్సిటీలో సైగ భాష చెప్పేవాళ్లు, ఒక భాషాశాస్త్రవేత్త కలిసి అందులోని లోపాలను ఏకరువు పెడుతూ బహిరంగ లేఖ రాశారు. బహుమతి వార్త సముద్రాలు దాటి మన కాలేజీలకు చేరింది. లేఖకు మాత్రం వీసా దొరకలేదు.

ఆ తొడుగును మన చిట్యాల మండలాఫీసుకు తెచ్చామనుకుందాం. ఓ బధిర రైతు కౌంటరు ముందు నిలబడ్డాడు. తన 4,016 రూపాయల పింఛను ఈ నెల ఎందుకు పడలేదో అడగాలి. వేళ్లు ముడిచాడు. స్పీకరు పలికింది: ‘ఐ వాంట్ వాటర్’. గుమాస్తా మంచివాడు, నీళ్ల సీసా అందించాడు. మళ్లీ ముడిచాడు: ‘ఐ యామ్ హంగ్రీ’. చాయ్, బిస్కెట్లు వచ్చాయి. మూడోసారి: ‘థాంక్యూ’. ఇంకేం, పని అయిపోయింది, ఇంటికి పోవచ్చు! మన ప్రాజెక్టుల లెక్కన బధిరులకు ఎప్పుడూ దాహమే, ఎప్పుడూ ఆకలే, ఆపైన కృతజ్ఞతే. కోపం, అనుమానం, పింఛను వాళ్లకుండవు.

పోనీ, గుమాస్తా ఏమన్నాడో తొడుగు ఆ రైతుకు చెబుతుందా అంటే, అదీ లేదు. భాష రానిది మనకు, వైద్యం ఆయన చేతికి!

మన ఫైనలియర్ కుర్రాడికి సైగలు నేర్పిన గురువు ఇంటర్నెట్. అక్కడ సులువుగా దొరికేవి అమెరికా సైగ అక్షరాలు, ఒంటిచేత్తో పట్టేవి. భారతీయ సైగ భాషలో అక్షరాలకు చాలావరకు రెండు చేతులూ కావాలి. ఒక చేతి వేళ్ల కొసలను రెండో చేతి చూపుడువేలితో తాకితే ఇంగ్లిష్ అచ్చులు. ఒంటి తొడుగుకు రెండో చెయ్యి ఉన్నట్టే తెలియదు. ఇక కనుబొమలు, తల ఊపడం కూడా ఆ భాషకు వ్యాకరణమే. కనుబొమలకు తొడుగు ఇంకా రాలేదు, వచ్చే ఏడాది బ్యాచ్ చూసుకుంటుంది. బడి గడప తొక్కని పల్లె బధిరులు ఇంట్లోవాళ్లతో కల్పించుకున్న సొంత సైగల సంగతి ఏ బ్యాచ్ చూస్తుందో మరి.

వాళ్లను అడక్కుండా వాళ్లకు మేలు చేయడం పాత జబ్బే. 1880లో మిలాన్‌లో బధిరుల చదువుపై మహాసభ జరిగింది. 164 మంది ప్రతినిధుల్లో బధిరుడు ఒక్కడే. మిగతావాళ్లలో దాదాపు అందరూ చేతులెత్తి, బడుల్లో చేతులు ఆడించకూడదని తీర్మానించారు! అది తప్పని ఒప్పుకోవడానికి 2010 దాకా, అంటే 130 ఏళ్లు పట్టింది.

సరిగా చేసినవాళ్లు లేరా? ఉన్నారు. ఢిల్లీలోని భారతీయ సైగ భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం బధిరులను కలుపుకొని నిఘంటువు తయారుచేసింది. 2018లో 3,000 పదాలతో మొదలై, 2021కి 10,000కు పెరిగింది. ప్రాంతాల సైగలూ అందులో చేరాయి. అలాంటి పనికి ఏళ్లు పడతాయి. ఫొటో రాత్రికి రాత్రే వస్తుంది, తేడా అంతే.

కాబట్టి తమ్ముడూ, బోర్డు కొనేముందు మీ మండలంలో ఓ బధిరుడి పక్కన నెల్లాళ్లు కూర్చో. నువ్వే నాలుగు సైగలు నేర్చుకో. ఆయనకు తొడుగు కావాలో, ఆసుపత్రిలో సైగలు తెలిసిన ఒక మనిషి కావాలో అడుగు. జట్టులో ఆయన పేరు ముందు రాయి, పోయిన కూలి కట్టివ్వు. ఒక్క సంగతి గుర్తుంచుకో: మెచ్చుకోవడానికి బధిరులు చప్పట్లు కొట్టరు, రెండు చేతులూ పైకెత్తి ఆడిస్తారు. నీ ప్రదర్శన రోజున హాలంతా చప్పట్లతో మోగిందంటే, ఆ యంత్రం ఎవరికోసం చేశావో తేలిపోయినట్టే.