ఇంజిన్‌ను బోరుకు తెచ్చే చిట్కాలు

ఎయిర్ ఫిల్టర్ కొన్ని వందలు పెడితే వచ్చే వస్తువు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో కారున్నవాళ్లు ఆ వందలు కూడా మిగుల్చుకోవచ్చు. కింద చెప్పినట్టు చేయండి.

1. కంపెనీ పుస్తకాన్ని డ్యాష్‌బోర్డు అరలోనే పడుండనివ్వండి. దుమ్ము ప్రాంతాల్లో ఫిల్టర్ త్వరగా మార్చాలని అందులో ఉంటుంది. భూపాలపల్లివాళ్లకు అది వర్తించదు. సింగరేణి టిప్పర్ల వెనక లేచేది బొగ్గు. పుస్తకంలో రాసింది దుమ్ము.

2. మెకానిక్ మార్చమంటే సీజన్ చెప్పండి. వానాకాలం నాట్లు, ఆ తర్వాత పత్తి ఏరుడు, ఎండలు ముదిరేసరికి ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి. అప్పటికీ వదలకపోతే మేడారం జాతర చేసుకొచ్చాక మార్చుదామనండి. జాతర రెండేళ్లకోసారే.

3. మరీ వెంటపడితే ఫిల్టర్ మీరే తీసి టైరుకేసి నాలుగు దెబ్బలు కొట్టండి. మడతల్లోంచి ఎర్రమట్టి, వడ్ల నూగు కాస్త రాలుతుంది. రాలినదే చూడండి, మిగిలినది చూడకండి. తర్వాత పంక్చర్ షాపులో గాలి పట్టించండి. లోపలి వైపు నుంచి మెల్లగా కొట్టాలని తెలిసినవాళ్లు అంటారు. మీరు బయటి వైపు నుంచి ఫుల్ ప్రెషర్‌తో కొట్టించండి. మట్టి కాగితంలోకి దిగిపోయి కంటికి కనబడదు. కాగితం చిరిగితే ఇంకా మంచిది, గాలి ధారాళంగా పోతుంది.

4. ఆదివారం సర్ఫు నీళ్లలో ఉతకండి. కాగితం ఫిల్టర్‌ను తడపొద్దనేవాళ్లు ఊళ్లో లేని రోజు చూసుకోండి. డాబా మీద అరగంట ఆరితే చాలు, చెమ్మగానే బిగించేయండి.

5. బాక్సుకు నాలుగు క్లిప్పులుంటే మూడే పెట్టండి. మూలది చేతికందదు. ఆ సందులోంచి దూరిన ఇసుక సిలిండర్‌నూ పిస్టన్ రింగులనూ గీకుతుంది. బండి నడిచినంతసేపూ ఆ పని దానంతటదే సాగుతుంది, మీరు చేయి పెట్టక్కర్లేదు.

6. పికప్ తగ్గితే ఏసీ మీదికి నెట్టండి. మైలేజీ తగ్గితే బంకువాడి మీదికి. నల్లపొగ వస్తే డీజిల్ బండన్నాక రాదా అనండి. నీలం పొగ వచ్చిందంటే రింగులు అరిగి ఇంజిన్ ఆయిల్ కాలుతున్నట్టే. బండి బోరుకొచ్చింది, మీరు గెలిచారు.

7. ఇప్పుడు బావమరిదికి అమ్మండి. ట్రయల్‌లో స్టీరింగ్ మీరే పట్టుకోండి. జనగామ దగ్గర హైవే ఎక్కించి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా పోనివ్వండి, పొగ కనబడదు. నెల తిరక్కుండా "బావా, బండి ఆయిల్ తాగుతాంది" అని ఫోనొస్తుంది. ఆయన ఇంకో మాట అనకముందే అడగండి: "ఎయిర్ ఫిల్టర్ మార్చినవా, లేదా?"