ఆనవాలు

మా నాన్న రేకును కళ్లతో చూడడు. పలచటి పాత పంచె ముక్క దాని మీద పరిచి, కళ్లు మూసుకుని, అరచేత్తో మెల్లగా నిమురుతాడు. ఉత్త చేతికి అందని ఎత్తుపల్లాలు గుడ్డ అడ్డం ఉంటే తెలుస్తాయంటాడు. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు డెంటింగ్ చేసిన చెయ్యి అది. బోల్తా పడ్డ లారీ క్యాబిన్లు, చెట్లకు గుద్దుకున్న అంబాసిడర్లు ఎన్నో ఆ చేతి కింద మళ్లీ మనుషుల్లో పడ్డాయి.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఆ చెయ్యి కాలిఫోర్నియాలో మా గ్యారేజీలో ఉన్న 1965 నాటి సన్‌బీమ్ టైగర్ మీద ఆనింది.

ఆ కారు కోసం నేను పన్నెండేళ్లు డబ్బు కూడబెట్టాను. దాని పుట్టుక కథ నాకు కంఠతా వచ్చు. ఇంగ్లండ్‌లో రూట్స్ కంపెనీ సన్‌బీమ్ ఆల్పైన్ అని రెండు సీట్ల కారు చేసేది. 1962లో వచ్చిన మొదటి జేమ్స్‌బాండ్ సినిమా ‘డాక్టర్ నో’లో షాన్ కానరీ నడిపింది దాన్నే. చూడముచ్చటైన బండి. కానీ బానెట్ కింద ఉన్నది నాలుగు సిలిండర్ల చిన్న ఇంజిన్. అమెరికా రోడ్ల మీద పెద్ద ఇంజిన్ల పక్కన దానికి ఆయాసం వచ్చేది. పశ్చిమ తీరంలో రూట్స్ వ్యాపారం చూసే ఇయాన్ గరాడ్‌కు ఇది మింగుడుపడలేదు. తన సర్వీస్ మేనేజర్‌ను ఒక చెక్క గజంబద్దతో షోరూమ్‌ల వెంట తిప్పాడు, ఎవరి వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, ఈ బానెట్ కింద పడుతుందో కొలుచుకు రమ్మని. ఫోర్డ్ వాళ్ల 260 ఘనపుటంగుళాల వీ8, అంటే దాదాపు 4.3 లీటర్లది, పడుతుందని తేలింది. ఏసీ కార్లో ఫోర్డ్ వీ8 పెట్టి కోబ్రాను తయారుచేసిన కరోల్ షెల్బీ 10,000 డాలర్లకు నమూనా చేసిపెడతానన్నాడు. అందాకా ఆగలేక గరాడ్ ఇంకో పక్క రేసర్ కెన్ మైల్స్‌కు 800 డాలర్లిచ్చి వారంలో ఇంకొకటి చేయించుకున్నాడు. ఫలితం చూసి రూట్స్ వాళ్లు 1964లో టైగర్‌ను మొదలుపెట్టి, బిగించే పని వెస్ట్ బ్రామ్‌విచ్‌లోని జెన్సన్ కంపెనీకి అప్పగించారు. ఏడు వేల చిల్లర బళ్లు తయారయ్యాయి. ఆ తర్వాత రూట్స్ క్రైస్లర్ చేతికి పోయింది. తమ బండిలో ఫోర్డ్ ఇంజిన్ ఉండటం క్రైస్లర్ వాళ్లకు నచ్చలేదు. పోనీ తమ వీ8 ఎక్కిద్దామంటే దానికి డిస్ట్రిబ్యూటర్ వెనక వైపుంది, ఆ ఇరుకులో పట్టదు. 1967లో టైగర్ ఆగిపోయింది.

ఇదంతా నేను ఆవేశంగా చెబుతుంటే నాన్న టీ తాగుతూ విన్నాడు.

“ఇందులో వింతేముందిరా? మేం అంబాసిడర్లకి మటడార్ డీజిల్ ఇంజిన్లు ఎక్కించలేదూ? ఇంజిన్ ఎవరిదైతేనేం, కూర్చోబెట్టడంలో ఉంటుంది పనితనం.”

ఆయన్ని ముచ్చటపడేలా చేసింది ఒక్క స్పార్క్‌ప్లగ్గు. ఎడమవైపు ఆఖరి ప్లగ్గు బానెట్ ఎత్తితే చేతికందదు. అందుకని ఇంజిన్‌కూ సీట్లకూ మధ్య ఉండే రేకు గోడకు కంపెనీ వాళ్లే ఒక కన్నం పెట్టి రబ్బరు మూత బిగించారు. కార్లోపల్నుంచి మూత తీసి పానా దూరిస్తే ప్లగ్గు దొరుకుతుంది. నాన్న ఆ మూత నాలుగుసార్లు తీసి పెట్టాడు. “బుర్రున్నవాడు రా ఎవడో,” అన్నాడు.

క్లచ్ అరిగిపోయి, వెనక సీలు దగ్గర ఆయిలు కారుతుండటంతో ఇంజిన్ దించాల్సొచ్చింది. అద్దెకు తెచ్చిన గొలుసుకు వేలాడదీసి దాన్ని బయటికి లాగాక, వెనకున్న రేకు గోడ మొదటిసారి వెలుగులోకొచ్చింది. నాన్న మొహం మారిపోయింది. నున్నగా ఉండాల్సిన రేకు ఎవరో కక్ష తీర్చుకున్నట్టు సొట్టలు పడి ఉంది. గుడ్డ తెమ్మన్నాడు. పరిచి నిమిరాడు. చాలాసేపు మాట్లాడలేదు.

“ఇది సుత్తి పని కాదురా. సమ్మెట. ఇంజిన్‌కి చోటు చాలక కొట్టారు. అదీ రంగు వేశాక కొట్టారు, చూడు, సొట్ట అంచుల్లో రంగు బీటలిచ్చి లోపల తుప్పు పట్టింది. రంగేసిన రేకుని ఎవడన్నా సమ్మెటతో కొడతాడట్రా?”

ఆ బండి నా దగ్గరికొచ్చేలోగా ఎందరి చేతులు మారిందో! ఎప్పుడో ఇంజిన్ దించి మళ్లీ ఎక్కించేటప్పుడు ఎవరో మొరటు మెకానిక్ చేసిన నిర్వాకం అనుకున్నాం ఇద్దరం. ముందు ఒక ఫోటో తీస్తానంటే నాన్న ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టాడు. “పెళ్లికూతుర్ని ముస్తాబు కాకముందు ఫోటో తీస్తారా?”

పంతొమ్మిది రోజులు పట్టింది. డెబ్బై ఒక్కేళ్ల మనిషి, మోకాళ్ల కింద దిండు వేసుకుని, వెనక ఇనుప డాలీ ఆనించి, ముందు చిన్న సుత్తితో టక్, టక్, టక్. ఒక దెబ్బ కొట్టడం, గుడ్డ మీద నిమరడం. రేకును పూర్తిగా చదును చెయ్యలేదాయన. అలా చేస్తే ఇంజిన్ మళ్లీ ఇరుక్కుంటుంది. ఆ సొట్టలన్నిటినీ కలిపి ఒకే గుంటగా, అచ్చులో నొక్కి తీసినట్టు, దోసిలి ఆకారంలో వంచాడు. అంచుల్ని ఆకురాయితో అరగదీశాడు. పుట్టీ ముట్టుకోలేదు. “పుట్టీ పెడితే అది నా పని కాదు, పుట్టీ పని,” అన్నాడు. రంగు ఆరాక నేను చేత్తో తడిమాను. చల్లటి పాలరాయిలా ఉంది.

“సుత్తి దెబ్బ కనిపిస్తే అది డెంటింగ్ కాదు, దొమ్మీ,” అని ఆటోనగర్‌లో కుర్రాళ్లకు చెప్పే మాట నాకూ చెప్పాడు. మా నాన్న పనిచేస్తుంటే ఆసాంతం దగ్గరుండి చూడటం నాకు అదే మొదటిసారి. చిన్నప్పుడు చదువు పాడవుతుందని షెడ్డుకు రానిచ్చేవాడు కాదు. ఆ పంతొమ్మిది రోజులు నేను ఆఫీసుకు సెలవు పెట్టుకున్నందుకు ఈరోజుకీ సంతోషమే.

ఇంజిన్ ఎక్కించాం. ఆరు నెలల గడువు అయిపోయి నాన్న, అమ్మ వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ, “ఎవరన్నా తెలిసినవాడికి చూపించు. ఏమంటాడో నాకు చెప్పు,” అన్నాడు.

చూపించక తప్పదు కూడా. టైగర్ ధర ఆల్పైన్ ధర కంటే చాలా ఎక్కువ ఉంటుంది. అందుకే ఆల్పైన్‌లో ఫోర్డ్ ఇంజిన్ ఎక్కించి టైగర్ అని అమ్మేవాళ్లు తయారయ్యారు. అసలుదో కాదో పరీక్షించి ధ్రువీకరించే ఏర్పాటు యజమానుల సంఘాలు చేసుకున్నాయి. ఆ పరీక్షకు పెట్టే ముందు ఒకసారి చూడమని, ఈ కార్లు ఆపాదమస్తకం తెలిసిన ఒక పెద్దాయనను ఇంటికి పిలిచాను.

ఆదివారం పొద్దున్నే టార్చిలైటు, పొడుగాటి కాడ ఉన్న అద్దం పట్టుకొచ్చాడాయన. ఛాసిస్ నంబరు పలక చూశాడు. మడ్‌గార్డుల మీద ‘పవర్డ్ బై ఫోర్డ్ 260’ అన్న బిళ్ల చూశాడు. ఆల్పైన్‌కు లేని ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ చూశాడు. రబ్బరు మూత తీసి చూసి నవ్వాడు. ప్రతిదానికీ తలాడించాడు. చివరికి ఇంజిన్ వెనక సందులోకి చెయ్యి దూర్చి, కళ్లు మూసుకుని తడిమాడు. అచ్చం నాన్నలాగే. నాకు ఒళ్లు పులకరించింది.

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మళ్లీ తడిమాడు. అద్దం పెట్టి చూశాడు.

“ఈ రేకు పని ఎవరు చేశారు?”

“మా నాన్న,” అన్నాను.

“ఇంత చక్కటి పని నేను చాలా తక్కువ చూశాను,” అన్నాడు. ఆ తర్వాత గ్యారేజీలో స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “దీన్ని సంఘం వాళ్ల ముందుకు తీసుకెళ్లకండి.”

ఎందుకన్నాను.

“జెన్సన్ వాళ్లకు బాడీలు రంగు వేసి, ముస్తాబు చేసి వచ్చేవి. ఇంజిన్ లోపలికి జారేది కాదు. అక్కడ పనివాళ్లు సమ్మెట తీసుకుని ఆ రేకు గోడను కొట్టి చోటు చేసేవాళ్లు. అసలు టైగర్‌కు అదే పుట్టుమచ్చ. నంబరు పలక విప్పి ఇంకో బండికి బిగించొచ్చు. స్టీరింగూ, బిళ్లలూ పాడైన టైగర్ నుంచి తెచ్చుకోవచ్చు. ఆ దెబ్బల్ని తెచ్చుకోలేరు. ఆల్పైన్‌ను టైగర్‌గా మార్చే నేర్పరి అయితే ఇంత నున్నగా గుంట చేస్తాడు. మీరు అబద్ధం చెబుతున్నారని అనను. ఇది టైగర్ అని మాత్రం నేను చెప్పలేను. పాత ఫోటోలేమైనా ఉన్నాయా?”

లేవన్నాను.

ఆయన వెళ్లిపోయాక బానెట్ దించకుండా అలాగే నిలబడ్డాను. ఫోన్ మోగింది. విజయవాడలో అప్పుడు రాత్రి పదకొండున్నర. మేలుకునే ఉన్నాడు.

“వచ్చాడట్రా ఆయన? ఏమన్నాడు? నా సుత్తి దెబ్బ ఎక్కడన్నా కనిపెట్టాడా?”

“లేదు నాన్నా. టార్చిలైటు వేసి, అద్దం పెట్టి, చెయ్యి పెట్టి వెతికాడు. ఒక్క దెబ్బ కూడా దొరకలేదు.”

అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఆయన అమ్మను తట్టి లేపడం వినిపించింది.

“ఏమే, విన్నావా? అమెరికావాడు చెయ్యి పెట్టి మరీ వెతికాడట. ఒక్క దెబ్బ దొరకలేదట!”