తెల్ల రంగు

కిందటేడు సంక్రాంతికి రాజమండ్రి వెళ్లినప్పుడు అన్నయ్య కూతుర్ని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లాను. ఏడేళ్ల పిల్ల. పది నిమిషాల్లో విసుగొచ్చి బయటికి లాక్కుపోతుందనుకున్నాను. గంట దాటినా కదల్లేదు.

"ఇవి వేసినాయన ఎవరు బాబాయ్?"

ఈ ఊరివాడేనని చెప్పాను. 1897లో పుట్టాడు. అప్పట్లో ఇక్కడి ఆర్ట్స్ కాలేజీకి కూల్డ్రే అనే దొర ప్రిన్సిపాలు. కుర్రాడి బొమ్మలు చూసి చేరదీశాడు, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలులో చదువుకునేలా చేశాడు. 1925లో మశూచి సోకి రామారావు పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు.

పిల్ల చావు సంగతి అడగలేదు.

"ఆయన బొమ్మలు దొర చూశాడా?"

"చూశాడు."

"చూశాకే పంపించాడా?"

"చూశాకే."

అక్కణ్నుంచి నేరుగా కోటగుమ్మం దగ్గర స్టేషనరీ కొట్టుకి వెళ్లాం. సూట్‌కేసులా తెరుచుకునే పెద్ద రంగుల పెట్టె మీద చెయ్యి వేశాను. స్కెచ్ పెన్నులు, పేస్టల్స్, బిళ్ల రంగులు, అన్నీ అందులోనే ఉన్నాయి. కొట్టాయన పిల్ల వయసడిగి, పెట్టె పక్కకి జరిపేశాడు.

"స్కెచ్ పెన్నులకి మూతలు పెట్టరండి, వారంలో ఎండిపోతాయి. ఆయిల్ పేస్టల్స్ మెత్తన, బట్టలకంటుతాయి. ఈ వయసుకి మైనం క్రేయాన్లు ఇవ్వండి. 12 చాలు. పసుపు మీద నీలం రుద్దితే ఆకుపచ్చ వస్తుందని తనే కనిపెడుతుంది. 48 ఇస్తే కనిపెట్టడానికేం మిగలదు. మిగిలిన డబ్బులు కాయితం మీద పెట్టండి."

మందం కాయితాల డ్రాయింగ్ పుస్తకం తీసిచ్చాడు. 20 పేజీలు. రేపు నీటిరంగులు వేసినా ముడత పడదన్నాడు. పిల్లల కానుకల విషయంలో నేను విన్న మంచి సలహా అదొక్కటే. డబ్బా, పుస్తకం రెండూ కొన్నాను. దారి పొడుగునా పిల్ల వాటిని నా చేతికివ్వలేదు.

మళ్లీ సంక్రాంతికి వెళ్లాను. కాళ్లు కడుక్కుని కూర్చున్నానో లేదో, పిల్ల పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. తిప్పాను. మొదటి పేజీ తెల్లగా ఉంది. రెండోదీ అంతే. చివరిదాకా చూశాను.

"ఏడాదిలో ఒక్క బొమ్మా వెయ్యలేదేమ్మా?"

నా వేలు పట్టుకుని కిటికీ దగ్గరికి లాగింది. పుస్తకాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంది.

"ఇలా చూడు బాబాయ్."

అంతలో వదిన కాఫీ పట్టుకొచ్చింది. వెనక్కి తిరిగాను.

"రంగులు బీరువాలో దాచాను. ఇల్లంతా కొత్తగా సున్నం వేయించాం, గోడల నిండా గీసేస్తుందని భయం. స్కూల్లో పోటీలప్పుడు తీసిద్దామనుకుంటే, ఆ పోటీలూ పెట్టలేదు. మరీ ఏడుస్తుంటే తెల్లది ఒక్కటి ఇచ్చా."

డబ్బా తెచ్చి చూపించింది. పదకొండు క్రేయాన్లు కొన్ననాటి మొనలతో వరసగా ఉన్నాయి. పక్కన తెల్లది, గోరంత ముక్క. చుట్టూ ఉండే కాయితం కూడా చింపేసి, వేళ్ల మధ్య పట్టు దొరికినంతవరకూ అరగదీసినట్టుంది.

"దీనికి బొమ్మల మీద ధ్యాస లేదురా. పుస్తకం ఎలా ఇచ్చావో అలాగే ఉంది. మీవాడు వేస్తాడుగా, పట్టుకుపో" అన్నాడు అన్నయ్య.

నాకూ సబబుగానే తోచింది. మంచి కాయితం, ఊరికే పడుంది. పుస్తకం సంచిలో పెడుతుంటే పిల్ల తలుపు పక్కన నిలబడి చూసింది. ఇయ్యనని పేచీ పెట్టలేదు. వచ్చేటప్పుడు ఎప్పటిలా వీధి చివరిదాకా సాగనంపింది.

హైదరాబాదు వచ్చిన మర్నాడు మావాడు నీటిరంగులు ముందేసుకుని కూర్చున్నాడు. ఆకాశం వెయ్యాలని నీలం పల్చగా కలిపి, వెడల్పు బ్రష్షుతో మొదటి పేజీ మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క పూత లాగాడు.

"నాన్నా! రంగు అంటట్లేదు!"

వెళ్లి చూశాను. నీలం పేజీ అంతా పరుచుకుంది, కొన్ని గీతల మీద మాత్రం నిలవకుండా జారిపోతోంది. మైనం మీద నీళ్లు నిలవవు. ఆ గీతలు తెల్లగా పైకి తేలాయి. గోదావరి మీద రైలు వంతెన. కమానులన్నీ ఉన్నాయి. కింద పడవ, పడవలో గొడుగేసుకున్న మనిషి.

మావాడు ఎగిరి గంతేసి రెండో పేజీ తిప్పాడు. పూత పడగానే మా అన్నయ్య వాళ్ల వంటిల్లు వచ్చింది. రోలు, గ్యాసు బండ, పొయ్యి ముందు వదిన, ఆవిడ జడలో పువ్వులు. ఆ తరవాత జామచెట్టు. దాని మీద చిలకలు, ఒక్కోదానికీ ఈకలు విడివిడిగా. ఆ తరవాత బీరువా. తాళం పెద్దది. ఏ పేజీలోనూ ఒక గీత మీద ఇంకో గీత పడలేదు. వేసిన గీత కళ్లకి ఆనకపోయినా, ఎక్కడ ఆపిందో, మళ్లీ ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో పిల్లకి తెలుసు.

పంతొమ్మిది పేజీలు అయ్యాయి. గదంతా పరిచి ఆరబెట్టాం. ఇరవయ్యోది నేను వేస్తానని బ్రష్షు తీసుకున్నాను.

పైనుంచి కిందికి లాగాను. ముందు కిటికీ వచ్చింది. కిటికీ పక్కన కళ్లద్దాల మనిషి, చేతుల్లో తెరిచిన పుస్తకం. పక్కన రెండు జడల పిల్ల. అడుగున మిగిలిన చోట కూడా పూశాను. గుండ్రటి అక్షరాల్లో రెండు మాటలు తేలాయి.

"బాబాయ్ చూశాడు."